78 రోజుల బోనస్‌తో ఏ ముక్క కొనాలి? బిలాస్‌పూర్ రైల్వే ఇళ్లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు పంచాయితీ

రైల్వే ఉద్యోగులకు 78 రోజుల ఉత్పాదకత ఆధారిత బోనస్ ఇచ్చేందుకు కేంద్ర మంత్రివర్గం 2025 సెప్టెంబర్ 24న ఆమోదం తెలిపింది. దాదాపు 10.9 లక్షల మందికి, మొత్తం 1,865.68 కోట్ల రూపాయలు. ట్రాక్ మెయింటెయినర్ల నుంచి లోకో పైలట్లు, స్టేషన్ మాస్టర్లు, గుమాస్తాల వరకు అందరూ ఇందులో ఉన్నారు. 78 రోజులంటే రెండున్నర నెలల జీతం అనుకుంటారు బయటివాళ్లు. చేతికొచ్చేది గరిష్ఠంగా 17,951 రూపాయలు. అసలు జీతం ఎంతున్నా బోనస్ లెక్కకు నెలకు 7,000 రూపాయలనే పరిగణిస్తారు. ఏడాదికి 84,000, దాన్ని 365తో భాగించి 78తో హెచ్చవేస్తే వచ్చే అంకె అదే.

బిలాస్‌పూర్‌లో ఈ అంకె తెలియని ఇల్లు ఉండదు. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ఇదే కేంద్రం. అంతకు చాలా ముందే, 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరిని రైల్వే పట్టణం చేసింది. అదే రైల్వే దారిన ఉత్తరాంధ్ర నుంచి కూలీలుగా, ఫిట్టర్లుగా, గుమాస్తాలుగా వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ కలిసిన హిందీ. సెలవులకు కోర్బా-విశాఖ లింక్ ఎక్స్‌ప్రెస్. ఈ ఇళ్లలో దసరా బోనస్ అంటే ఒకప్పుడు బట్టలు, ఫ్రిజ్, కాస్త బంగారం. కాలేజీకి వెళ్లే కొడుకున్న ఇంట్లో ఇప్పుడు ఆ డబ్బుకు ఇంకో హక్కుదారు తయారయ్యాడు. కోవిడ్ రోజుల్లో ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న కంప్యూటర్‌లో వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 సరిగా ఆడటం లేదని, గ్రాఫిక్స్ కార్డు మార్చాలని అతని వాదన.

వాదనలో సగం నిజం ఉంది. కంప్యూటర్ పాతబడింది, ఏదో ఒకటి మార్చాలి. ఆ మార్చాల్సింది గ్రాఫిక్స్ కార్డేనా అన్నదే ప్రశ్న. 17,951 రూపాయలు మళ్లీ దసరా దాకా రావు కాబట్టి ఈ ప్రశ్న చిన్నదేమీ కాదు.

ముందు కార్డు ధర చూద్దాం. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060 ప్రారంభ ధర 299 డాలర్లు. బోనస్ అందిన రోజుల్లో డాలరు సుమారు 88 రూపాయలు. ఆ లెక్కన 26,312, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 31,000 దాటుతుంది. అదే తరంలో చిన్నదైన ఆర్‌టీఎక్స్ 5050 ధర 249 డాలర్లు. అదీ ఇలాగే లెక్కేస్తే 25,800 పైమాటే. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ శ్లాబులు మారినప్పుడు పెద్ద టీవీలకు ఊరట దక్కింది గానీ, ప్రాసెసర్లు, గ్రాఫిక్స్ కార్డులు 18 శాతంలోనే ఉండిపోయాయి. అంటే బోనస్ మొత్తం పోసినా కొత్త కార్డు రాదు. మిగతాది ఈఎంఐ. ఎనిమిదో వేతన సంఘం విధివిధానాలకు 2025 అక్టోబర్ 28న మంత్రివర్గం ఆమోదం తెలిపింది కదా, బకాయిలు వస్తాయి కదా అన్న ధీమాతో ఈఎంఐకి ఒప్పుకునే తండ్రులూ ఉంటారు. నివేదిక ఇవ్వడానికే ఆ సంఘానికి 18 నెలల గడువుంది.

లోడింగ్ ఎవరిది, లాగుడు ఎవరిది

షూటర్ ఆటల్లో ఈ రెండు ముక్కల పనీ ఎలా పంచుకుని ఉంటుందో బొగ్గు రేక్‌లను రోజూ చూసే ఊరికి చెప్పడం తేలిక. సైడింగ్‌లో వ్యాగన్లు నింపేది ఒకరు, నిండిన రేక్‌ను లాగేది ఇంజిన్. లోడింగ్ నెమ్మదిగా సాగితే 6,000 హార్స్‌పవర్ ఇంజిన్ తగిలించినా రోజుకు వెళ్లే రేక్‌ల సంఖ్య పెరగదు. ఇంజిన్ సైడింగ్ పక్కన నిలబడి ఎదురుచూస్తుంది, అంతే.

కంప్యూటర్‌లో లోడింగ్ పని ప్రాసెసర్‌ది. పది మంది ఆటగాళ్లు ఎక్కడున్నారు, ఎవరి తూటా ఎవరికి తగిలింది, గ్రెనేడ్ ఎటు దొర్లింది, సర్వర్ నుంచి ఏం కబురు వచ్చింది అన్నవన్నీ లెక్కగట్టి, ఏమేం గీయాలో జాబితా తయారుచేసి గ్రాఫిక్స్ కార్డుకు అందిస్తుంది. కార్డు ఆ జాబితా ప్రకారం బొమ్మ గీస్తుంది. ఇలా గీసిన ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము. ప్రాసెసర్‌కు ఒక ఫ్రేము సిద్ధం చేయడానికి 5 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే సెకనుకు 200 ఫ్రేములకు మించి తయారుకావు. కార్డు 2 మిల్లీసెకన్లలో గీయగలిగినా సరే, ఆ 200 దగ్గరే ఆగుతుంది. ఆ ఇంట్లో కొత్త కార్డు తెచ్చి పెడితే ఎఫ్‌పీఎస్ 200 నుంచి 200కే వెళుతుంది.

కథ ప్రధానంగా సాగే పెద్ద ఆటల్లో పరిస్థితి తిరగబడుతుంది. అక్కడ నీడలు, వెలుగులు, నీటి మీద ప్రతిబింబాలు గీయడమే పెద్ద పని. సెకనుకు 60 ఫ్రేములు చాలు. ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్ల సమయం దొరుకుతుంది కాబట్టి మామూలు ప్రాసెసర్ కూడా తన వాటా పని ముగించి కూర్చుంటుంది. పోటీ షూటర్లు ఆడేవాళ్లు అందం కోసం చూడరు. సెట్టింగులన్నీ తక్కువకు దించేస్తారు. కౌంటర్-స్ట్రైక్ వృత్తి ఆటగాళ్లలో చాలామంది ఇప్పటికీ 1280×960లో ఆడతారు. దానికి గీయాల్సిన చుక్కలు 12,28,800. మామూలు 1920×1080కి 20,73,600. గీసే పని దాదాపు 40 శాతం తగ్గింది. లెక్కలు కట్టే పని మాత్రం ఒక్క పిసరు తగ్గలేదు. పైగా వాళ్లకు కావాల్సింది 60 కాదు, 240. అంటే ఒక ఫ్రేముకు 4.2 మిల్లీసెకన్లే. కార్డు బరువు తగ్గించి, ప్రాసెసర్ గడువు నాలుగో వంతుకు కోసేసే ఆటలివి.

వాలరెంట్ తయారుచేసిన రయట్ సంస్థ 2020లో ఈ ఆటను వదిలినప్పుడే పాత కంప్యూటర్లలో ఆడగలగాలన్నది లక్ష్యంగా పెట్టుకుంది. 144కు పైగా ఎఫ్‌పీఎస్ కోసం ఆ సంస్థ చెప్పిన కార్డు జీటీఎక్స్ 1050 టీఐ. అది 2016 నాటి చిన్న కార్డు. తమ ఆట బరువు ఏ ముక్క మీద పడుతుందో ఆట చేసినవాళ్లే ఇలా చెప్పేశారు.

సగటు అంకె మోసం గురించి కూడా చెప్పుకోవాలి. యూట్యూబ్ వీడియోలో మూల కనిపించే 250 అన్న అంకె ఎవరూ లేని సందులో పరుగెత్తుతున్నప్పటిది. ఐదుగురు ఒకేసారి సైట్ మీదికి దూకి, పొగ కమ్ముకుని, రెండు గ్రెనేడ్లు పేలినప్పుడు అది 90కి పడిపోతే ఆ రౌండు పోయినట్టే. అందుకే హార్డ్‌వేర్ పరీక్షించేవాళ్లు అన్నింటికంటే నెమ్మదిగా వచ్చిన 1 శాతం ఫ్రేముల లెక్కను విడిగా ఇస్తారు. ఈ పడిపోవడాలకు ఎక్కువసార్లు కారణం ప్రాసెసర్, దాని పక్కనుండే కాష్, ర్యామ్. ఏఎండీ 2022 ఏప్రిల్‌లో తెచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ పేరు మోగిపోవడానికి మూలం ఇదే. మామూలు 5800ఎక్స్‌లో 32 మెగాబైట్ల ఎల్3 కాష్ ఉంటే దీనిలో 96. సైడింగ్ పక్కనే మూడు రెట్లు పెద్ద గోడౌన్ కట్టినట్టు. సరుకు కోసం ర్యామ్ దాకా పరుగెత్తే పని తగ్గింది. తర్వాత వచ్చిన 7800ఎక్స్3డీ, 9800ఎక్స్3డీలు ఈ ఆటల్లో ముందు వరుసలో ఉండటానికీ కారణం ఇదే. రైల్వే బోనస్‌కు అవి అందేవి కావు. 9800ఎక్స్3డీ ప్రారంభ ధర 479 డాలర్లు. కానీ సూత్రం చౌక చిప్‌లకూ వర్తిస్తుంది.

ప్రకటన చెప్పేది ఇంకొకటి

మరి దుకాణంలో, రీల్స్‌లో, ఆఫర్ పోస్టర్లలో ముందు వినిపించేది కార్డు పేరే ఎందుకు? కంప్యూటర్ ధరలో పెద్ద వాటా దానిదే, పోస్టర్ మీద మెరిసే పేరూ దానిదే. 'ఐ5, 16 జీబీ, ఆర్‌టీఎక్స్' అని రాస్తే సరుకు కదులుతుంది. ఆ ఐ5 ఏ తరానిదో, ర్యామ్ ఒక స్టిక్కో రెండో అడిగేవాడు తక్కువ.

2025 జనవరిలో లాస్ వేగాస్‌లో ఎన్విడియా అధినేత జెన్సన్ హువాంగ్ 549 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5070 పాత 4090 స్థాయి పనితీరు ఇస్తుందని ప్రకటించారు. ఆ పోలికలో ఉన్నది డీఎల్‌ఎస్‌ఎస్ 4 ఫ్రేమ్ జనరేషన్. అసలు తయారైన రెండు ఫ్రేముల మధ్య కార్డు ఊహించి గీసిన ఫ్రేములను జొప్పించడం. సినిమాలాంటి ఆటలో అది కంటికి హాయిగా ఉండొచ్చు. షూటర్‌లో ఆ ఊహా ఫ్రేములకు విలువ లేదు. వాటిలో మౌస్ కదలిక ఉండదు, ప్రత్యర్థి అసలు స్థానం ఉండదు, తర్వాతి ఫ్రేము వచ్చేదాకా ఆగి గీయాలి కాబట్టి కాస్త ఆలస్యం కూడా తోడవుతుంది. పెట్టె మీది గ్రాఫ్‌లో నాలుగు రెట్లు కనిపించే పచ్చగీత వాలరెంట్ ఆడే కుర్రాడికి ఏ విధంగానూ పనికిరాదు.

చౌక కార్డుల్లో ఇంకో రకం మెలికలున్నాయి. ఇంటెల్ 2024 డిసెంబర్‌లో తెచ్చిన ఆర్క్ బీ580 కాగితం మీద గొప్ప బేరం. 249 డాలర్లకు 12 జీబీ మెమరీ. కానీ దాని డ్రైవర్ ప్రాసెసర్ మీద ఎక్కువ భారం వేస్తుందని, పాత, చిన్న ప్రాసెసర్లతో జత కడితే వేగం బాగా పడిపోతుందని 2025 జనవరిలోనే పరీక్షల్లో తేలింది. తక్కువ బడ్జెట్ వాళ్ల కోసం చేసిన కార్డు తక్కువ బడ్జెట్ కంప్యూటర్‌తోనే పొసగలేదు. ఏఎండీ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ మదర్‌బోర్డుతో మాట్లాడేది నాలుగు లేన్ల మీదే. పీసీఐఈ 3.0 మాత్రమే ఉన్న పాత బోర్డులో పెడితే ఆ దారి ఇరుకైపోతుంది. ఆర్ఎక్స్ 6600, ఆర్ఎక్స్ 7600, ఆర్‌టీఎక్స్ 4060, 5060లవి ఎనిమిది లేన్లు. పాత బోర్డులో వాటికి దెబ్బ తక్కువ, పోటీ షూటర్లలో ఇంకా తక్కువ. అయినా కొనేముందు తెలిసి ఉండాలి.

ప్రాసెసర్ల వైపు ఉచ్చు పేర్లలో ఉంది. రైజెన్ 5 5600, రైజెన్ 5 5500, రైజెన్ 5 5600జీ. మూడూ ఆరు కోర్లు, మూడూ ఒకే సాకెట్. కానీ 5600లో 32 మెగాబైట్ల ఎల్3 కాష్, పీసీఐఈ 4.0. మిగతా రెండింటిలో 16 మెగాబైట్లు, పీసీఐఈ 3.0. కొద్దిపాటి తేడాకు కక్కుర్తిపడి 5500 తెచ్చుకుంటే షూటర్లకు కావాల్సిన గోడౌన్‌నే సగానికి కోసుకున్నట్టు.

పరీక్ష పది నిమిషాలే

తండ్రీకొడుకుల పంచాయితీ తేల్చడానికి దుకాణదారు అవసరం లేదు. ఉన్న కంప్యూటర్‌లోనే, ఆడే ఆటలోనే, ముందు మామూలు రిజల్యూషన్‌లో ఒక మ్యాచ్ ఆడి ఎఫ్‌పీఎస్ రాసుకోవాలి. తర్వాత రిజల్యూషన్‌ను 1280×720కి దించి మళ్లీ చూడాలి. అంకె బాగా పెరిగితే ఇన్నాళ్లూ ఆపుతున్నది కార్డు. అంకె దాదాపు అక్కడే ఉంటే ఆపుతున్నది ప్రాసెసర్ లేదా ర్యామ్. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం 40 శాతమే కనిపిస్తోంది కదా అని కొడుకు అనొచ్చు. అది అన్ని కోర్ల సగటు. ఆట ప్రధాన దారం నడిచే ఒక్క కోరు నూటికి నూరు నిండిపోయినా, మిగతావాటి మీద తక్కువ పనే ఉంటే సగటు 40 అనే చూపించవచ్చు. దానికంటే కార్డు వాడకం చూడటం మేలు. అది 95 శాతానికి చాలా కిందే తిరుగుతుంటే, ఎఫ్‌పీఎస్‌కు ఎక్కడా పరిమితి పెట్టుకోకపోతే, కార్డు పని లేక కూర్చుందని అర్థం.

ఉదాహరణకు 2020 ప్రాంతంలో చాలా ఇళ్లలోకి వచ్చిన తరహా మెషీన్ తీసుకుందాం. రైజెన్ 5 2600, జీటీఎక్స్ 1650, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, 60 హెర్ట్‌జ్ మానిటర్. వాలరెంటే ప్రధానమైతే ఈ ఇంట్లో కార్డు జోలికి వెళ్లనక్కర్లేదు. అదే మదర్‌బోర్డు బయోస్ అప్‌డేట్ చేసి రైజెన్ 5 5600 వేస్తే ఒకేసారి రెండు తరాలు దూకినట్టు. 2022లో 199 డాలర్లకు వచ్చిన ఆ చిప్ ఇప్పుడు బోనస్‌లోనే వస్తుంది, చేతిలో ఇంకొంత మిగులుతుంది కూడా. కౌంటర్-స్ట్రైక్ 2 ప్రధానమైతే సంగతి అంత సూటిగా ఉండదు. 2023 సెప్టెంబర్‌లో కొత్త ఇంజిన్‌తో వచ్చిన ఈ ఆట, ముఖ్యంగా అందులోని పొగ, 1650ను కూడా ఒగర్చేలా చేస్తుంది. అక్కడ పది నిమిషాల పరీక్షే తీర్పు చెప్పాలి. 2025 అక్టోబర్‌లో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 6 కావాలంటే 1650 కనీస అర్హతే దాటదు. ఆ ఆట అడిగే కనీస కార్డు ఆర్‌టీఎక్స్ 2060. 'షూటర్ గేమ్' అన్న ఒక్క మాట కింద ఇంత తేడా ఉన్న ఆటలున్నాయి కాబట్టి, ఏ ఆట అన్నది మొదటి ప్రశ్న కావాలి.

ఇక ఆ 60 హెర్ట్‌జ్ మానిటర్. సెకనుకు 60 సార్లే బొమ్మ మార్చే తెర ముందు 240 ఫ్రేములు తయారుచేస్తే మౌస్ స్పందన కొంత చురుకుగా అనిపించవచ్చు, కంటికి కనిపించేవి మాత్రం 60. ప్రాసెసర్‌కైనా కార్డుకైనా పైసా ఖర్చు చేసే ముందు 144 హెర్ట్‌జ్ లేదా ఆపై మానిటర్ ఉందో లేదో చూసుకోవాలి. ఉన్నా, విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 60 మీదే వదిలేసి నెలల తరబడి ఆడేవాళ్లున్నారు.

ర్యామ్ కరవు తెచ్చిన మార్పు

పై సలహాలన్నీ రెండేళ్ల క్రితం ఇంకోలా ఉండేవి. అప్పుడైతే 'పాత బోర్డు వదిలేయ్, కొత్త ఏఎం5 సాకెట్‌కు మారు, రేపు ఎక్స్3డీ చిప్ వేసుకోవచ్చు' అనడం తెలివైన మాట. ఆ సాకెట్‌కు డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి. 2025 చివరి నెలల్లో ఆ ర్యామ్ ధర కొద్ది నెలల్లోనే రెట్టింపు దాటిపోయింది. కృత్రిమ మేధ డేటా సెంటర్ల కోసం మెమరీ కంపెనీలు తమ ఉత్పత్తిని అటు మళ్లించాయి. 'క్రూషియల్' పేరుతో మామూలు జనానికి ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబర్ 3న ప్రకటించింది. అమెరికాలో ఎవరో కడుతున్న సర్వర్ల గిడ్డంగి, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఒక కుర్రాడి మదర్‌బోర్డు ఎంపికను నిర్ణయిస్తోందంటే వింతగా ఉంటుంది గానీ, ఇప్పుడు జరుగుతున్నది అదే.

దీంతో ఇంట్లో ఉన్న డీడీఆర్4 స్టిక్కులకు విలువ వచ్చింది. డీడీఆర్4 ధరలూ పెరిగాయి. కంపెనీలు దాన్ని ఆపేసే దారిలో ఉన్నాయి. అయినా చేతిలో ఉన్నది చేతిలో ఉన్నట్టే. పాత ఏఎం4 బోర్డు ఉన్నవాళ్లకు 5600 మంచి మజిలీ. ఆ సాకెట్‌కు వచ్చిన ఎక్స్3డీ చిప్‌ల కొత్త సరఫరా దాదాపు ఎండిపోయింది కాబట్టి ఆపై మెట్టు కోసం సెకండ్ హ్యాండ్ బజారు వెతకాల్సిందే. మొత్తం కొత్తగా కట్టేవాళ్లకు ఇంటెల్ కోర్ ఐ5-12400ఎఫ్ ఇప్పటికీ అక్కరకొస్తుంది. దాని సాకెట్‌లో డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి. 13, 14వ తరం ఇంటెల్ చిప్‌లలో 2024లో బయటపడిన వోల్టేజీ సమస్య దీనికి లేదు. ఆ తరాల పెద్ద చిప్ సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు బయోస్ కొత్తదో కాదో, వారంటీ మిగిలుందో లేదో చూసుకోవడం అవసరం.

డబ్బు ఖర్చు కాని పని కూడా ఒకటుంది. 16 జీబీ ఒకే స్టిక్‌గా ఉంటే ప్రాసెసర్‌కు ర్యామ్ దాకా ఒకటే లైను. 8 జీబీవి రెండు పెడితే డబుల్ లైను. అలాగే డీడీఆర్4-3200 అని రాసున్న ర్యామ్, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేయకపోతే, 2133 లేదా 2400 వేగంతోనే నడుస్తుంది. అసెంబుల్ చేసిన రోజున ఎవరూ ఆ మీట నొక్కని కంప్యూటర్లు కొల్లలు. షూటర్లలో ప్రాసెసర్‌ది పైచేయి కాబట్టి, ప్రాసెసర్‌కు సరుకు అందించే ర్యామ్ వేగం ఈ ఆటల్లోనే ఎక్కువగా తెలుస్తుంది.

సెకండ్ హ్యాండ్ అన్నాం కాబట్టి ఒక హెచ్చరిక. ఆఫీసుల నుంచి దింపిన నాలుగో, ఆరో తరం ఐ7 డబ్బాలకు ఒక పాత కార్డు తగిలించి 'గేమింగ్ పీసీ' అని అమ్మడం దేశమంతా ఉన్న వ్యాపారమే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా అడిగేది ఇంటెల్ ఎనిమిదో తరం లేదా రైజెన్ 2000 శ్రేణి, ఆపైన. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ ఉండాలి. బ్యాటిల్‌ఫీల్డ్ 6కీ సెక్యూర్ బూట్ తప్పదు. దొంగ సాఫ్ట్‌వేర్‌లను అడ్డుకోవడానికి ఆట కంపెనీలు పెడుతున్న ఈ తాళాలు పాత డబ్బాలను ఒక్కొక్కటిగా బయట నిలబెడుతున్నాయి. ఎఫ్‌పీఎస్ సంగతి తర్వాత, అసలు ఆట తెరుచుకోకపోతే ఆ ఐ7 దేనికి?

డ్రైవర్ చిట్కాలతో వేగం కొనుక్కోవచ్చన్న ఆశకూ ఒక ఉదాహరణ చాలు. 2023 అక్టోబర్‌లో ఏఎండీ తన డ్రైవర్‌లో యాంటీ-లాగ్ ప్లస్ అన్న సదుపాయాన్ని కౌంటర్-స్ట్రైక్ 2కు ఇచ్చింది. అది ఆట కోడ్‌లో వేలు పెట్టి పనిచేయడంతో వాల్వ్ దొంగాట నిరోధక వ్యవస్థ ఆటగాళ్లను నిషేధించింది. ఏఎండీ ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఎన్విడియా రిఫ్లెక్స్ లాంటివి ఆట తయారీదార్లే తమ ఆటలో కలుపుకున్నవి కాబట్టి వాటితో ఆ బెడద లేదు.

చట్టం తలుపు తీసింది, టికెట్ ధర తగ్గలేదు

కొడుకు దగ్గర ఈ ఏడాది కొత్త వాదన కూడా ఉంది. 'ఇది జూదం కాదు నాన్నా, ప్రభుత్వమే ఈస్పోర్ట్స్ అంది.' మాట తప్పు కాదు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహ, నియంత్రణ చట్టం డబ్బు పందెం ఆటలను నిషేధించింది, ఈస్పోర్ట్స్‌ను వేరుచేసి గుర్తించింది. పోటీలో చేరడానికి ప్రవేశ రుసుము, గెలిస్తే బహుమతి చెల్లుతాయి. పందెం చెల్లదు. 2022 డిసెంబర్‌లోనే ఈస్పోర్ట్స్ కేంద్ర క్రీడా శాఖ పరిధిలోకి వచ్చింది.

అయితే మన దేశంలో షూటర్ ఆటంటే ఎక్కువమందికి ఫోన్‌లో ఆడే బీజీఎంఐ. ఆడే జనం అక్కడే ఎక్కువ. ఫోన్ కొంటే ప్రాసెసర్, గ్రాఫిక్స్ ఒకే చిప్‌లో జతకట్టి వస్తాయి, జోడీ కుదిర్చే తలనొప్పి ఉండదు. పీసీ షూటర్లలో ఎదగాలనుకునే కుర్రాడు అంతకంటే ఖర్చైన, ఇరుకైన దారి ఎంచుకుంటున్నాడు. చట్టం ఇచ్చిన గౌరవం ఆ ఖర్చులో ఒక్క రూపాయి తగ్గించలేదు. ఈస్పోర్ట్స్‌ను క్రీడగా చూసే ప్రభుత్వం ఆ క్రీడకు మైదానం ఎక్కడుందో కూడా ఆలోచించాలి. క్రికెట్ నేర్చుకునే పిల్లవాడికి రైల్వే ఇన్‌స్టిట్యూట్ మైదానం ఉంది. కౌంటర్-స్ట్రైక్ ఆడేవాడి మైదానం తండ్రి బోనస్.

దూరం లెక్క మరో సంగతి. ఈ ఆటలకు ముంబైలో సర్వర్లు ఉన్నాయి. బిలాస్‌పూర్ నుంచి ముంబైకి రైలు దారిన సుమారు 1,250 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. కేబుల్ సరిగ్గా రైలు దారి పక్కనే వెళ్లినా, మధ్యలో ఎక్కడా ఆగకపోయినా, రానుపోను 12.5 మిల్లీసెకన్లు తప్పవు. నిజంలో అంతకంటే ఎక్కువే. 144 హెర్ట్‌జ్ నుంచి 240కి వెళితే ఒక ఫ్రేము మీద మిగిలేది 2.8 మిల్లీసెకన్లు. 240 నుంచి 360కి వెళితే 1.4. ముంబై కుర్రాడితో ఉన్న ఈ తేడాను ఏ కార్డూ పూడ్చలేదు. అందుకని ప్రాసెసర్ మార్చడం దండగ అనుకోనక్కర్లేదు. రెండు ఆలస్యాలూ కలుస్తాయి, ఒకటి తగ్గితే అంత మేలే. కానీ రౌటర్ పక్క గదిలో పెట్టి, గోడ అవతల నుంచి వైఫైలో ఆడుతూ 360 హెర్ట్‌జ్ మానిటర్‌కు డబ్బు పోగేయడంలో అర్థం లేదు. వైఫైలో పింగ్ 20 నుంచి 60కి గెంతే ఒక్క గెంతు ముందు ఆ 1.4 ఎంత? కొన్ని మీటర్ల ల్యాన్ కేబుల్ కొన్ని వందల రూపాయలు.

బిలాస్‌పూర్ వేసవినీ లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో 45 డిగ్రీలు కొత్త కాదు. గదిలోకి వచ్చే గాలే అంత వేడిగా ఉన్నప్పుడు 65 వాట్ల 5600ను చల్లబరచడం వేరు, దాని పక్కన 145 వాట్ల ఆర్‌టీఎక్స్ 5060 కూడా వేడి చిమ్ముతుంటే వేరు. వేడెక్కిన చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. జనవరిలో వచ్చిన ఎఫ్‌పీఎస్ మేలో రాకపోవడానికి ఇదొక కారణం. దుమ్ము పట్టిన ఫ్యాన్లు దీనికి తోడు. కార్డు మార్చేవాళ్లు పాత, పేరులేని ఎస్‌ఎంపీఎస్‌తోనే నెట్టుకొద్దామనుకోవడం ఇంకా ప్రమాదం. 5060కు ఎన్విడియా సూచించేది 550 వాట్లు. 450 అని స్టిక్కర్ ఉండి నిజంగా అంత ఇవ్వలేని డబ్బా వేసవి మధ్యాహ్నం ఆగిపోతే, తనతోపాటు మదర్‌బోర్డునూ తీసుకుపోవచ్చు.

ఇవన్నీ కలిపి ఆ 17,951ని పంచితే వరస దాదాపు ఇలా వస్తుంది. ముందు పైసా ఖర్చులేని ఎక్స్‌ఎంపీ, మానిటర్ సెట్టింగు, ల్యాన్ కేబుల్. తర్వాత రిజల్యూషన్ పరీక్ష. ఫలితం ప్రాసెసర్ వైపు చూపిస్తే 5600 లాంటి చిప్, మిగిలిన డబ్బుతో ఉన్న ర్యామ్‌కు జతగా రెండో స్టిక్. మానిటర్ ఇంకా 60 దగ్గరే ఉంటే, వాలరెంట్ ఇప్పటికే 150 దాటుతున్న ఇంట్లో ఈ ఏడాది మానిటరే. కార్డు అవసరమని పరీక్ష తేల్చిన ఇంట్లో మాత్రం బోనస్ చాలదు. వాడిన ఆర్ఎక్స్ 6600 లాంటిది, కళ్లెదుట అరగంట నడిపి చూశాకే తీసుకోవాలి, లేదంటే వచ్చే దసరా దాకా ఆగాలి. మెమరీ ధరలు ఈలోగా దిగొస్తాయన్న సూచన మాత్రం మైక్రాన్ నుంచి గానీ, మిగతా మెమరీ కంపెనీల నుంచి గానీ ఇప్పటికి లేదు.